మా బోరు సరాసరి ఎంత?

పోస్టు కొంచెం పొడుగు. ముందు ఒక గేమ్ గురించి చెప్తా, తర్వాత మా చేను దగ్గరికి వస్తా.

హాస్టల్లో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్ అనే గేమ్ ఆడేవాణ్ని. 2019లో వచ్చింది, కెనడా కంపెనీది. నేల లోపల కొంతమంది మనుషులుంటారు, వాళ్ల గాలి, నీళ్లు, తిండి మనమే చూడాలి. నీళ్లకు గీజర్లు ఉంటాయి. గీజర్ అంటే బాత్రూంలో వేడినీళ్ల మిషన్ కాదు, భూమిలోంచి ఆగి ఆగి చిమ్మే ఊట.

నాకు దొరికిన గీజర్ చిమ్మేటప్పుడు సెకనుకు 5 కేజీల నీళ్లు పోసేది. కానీ ప్రతి 500 సెకన్లలో 200 సెకన్లే. అంటే సరాసరి 2 కేజీలు. నీళ్లను గాలి చేసే మిషన్ సెకనుకు ఒక కేజీ తాగి 888 గ్రాముల ఆక్సిజన్ ఇస్తుంది, మనిషికి 100 గ్రాములు కావాలి. రెండు మిషన్లు పెట్టి 16 మందిని చేర్చుకున్నా. ఒకరోజు గీజర్ నిద్రపోయింది. 100 రోజుల్లో 60 రోజులే పని చేసే రకం అది. ముందే దాన్ని పరిశోధన చేయించి ఉంటే తెలిసేది, చేయించలేదు. అందరూ ఊపిరాడక పోయారు.

సరైన లెక్క ఇది: 5 × 200/500 × 60/100 = 1.2 కేజీ. పది మందికే సరిపోతుంది. అదీ, నిద్రపోయే 40 రోజులకు నీళ్లు ముందే దాచుకుంటే. గేమ్‌లో రోజంటే 600 సెకన్లు, కాబట్టి 28,800 కేజీలు, 5,000 కేజీల ట్యాంకులు ఆరు.

ఇప్పుడు గోరంట్ల దగ్గర మా తండా. బోరు వేసిన రోజు రెండించుల నీళ్లు పడినాయని అందరం సంబరపడినాం. ఆ ధైర్యంతోనే పోయిన ఎండాకాలం బాపు రెండెకరాలు టమోటా పెట్టినాడు. ఎండిపోయింది. అప్పు మిగిలింది. సంక్రాంతికి ఇంటికి పోతే మళ్లీ రెండెకరాలే అంటాడు, లేదంటే వడ్డీకి తెచ్చి ఇంకో బోరు.

నేను 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకొని పోయినా. డ్రమ్ము 4 నిమిషాల్లో నిండింది, నిమిషానికి 50 లీటర్లు. 30 నిమిషాలకు మోటారు గాలి పట్టింది. నీళ్లు ఊరడానికి గంట పట్టింది. తొమ్మిది గంటల కరెంటులో ఇలా ఆరుసార్లు, 9,000 లీటర్లు. మేము మనసులో వేసుకున్న లెక్క 27,000! ఎండాకాలం పది నిమిషాలకే గాలి పట్టేదని బాపే చెప్పినాడు, అంటే రోజుకు 3,000. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబడాలంటేనే 4,047 లీటర్లు కావాలి.

తొమ్మిది నెలలు 9,000, మూడు నెలలు 3,000 అనుకొని "ఏడాదికి సరాసరి 7,500 బాపూ" అన్నా, గొప్పగా. ఆయన బీడీ ఆర్పి, "పైరు సరాసరి తాగదు రా. ఆ పొద్దు నీళ్లు ఉండాయా లేదా, అంతే" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. గేమ్‌లో నేను తప్పింది కూడా అక్కడే కదా. దాచుకోను చోటు ఉంటేనే సరాసరి మనది. మా జిల్లాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన అంటారు, ఆ లెక్కా అంతే. మా బోరుకు మూడు నెలల లోటు పూడాలంటే 4 లక్షల లీటర్లు దాచాలి. పది మీటర్ల పొడుగు, పది వెడల్పు, నాలుగు లోతు గుంత. షీట్ వేయకపోతే సగం నేల తాగుతుంది, కొంత ఎండ తాగుతుంది. మాకు ఉండేది వెయ్యి లీటర్ల సింటెక్స్.

చివరికి 25 సెంట్లలో టమోటా పెట్టినాం. మామ చూసి "ఇదేం పంటరా, పెరటి మొక్కలా?" అని నవ్వినాడు. బాపు నవ్వలేదు. బోరు బండి ఆయనతో ఫోన్లో మాట్లాడడం మాత్రం మానలేదు, నిన్న కూడా మాట్లాడినాడు.

మీ తండాల్లో, కాలనీల్లో బోర్లు ఉంటే డ్రమ్ముతో కొలిచి కింద రాయండి: ఎన్ని నిమిషాలు పోస్తాది, ఎంతసేపు ఆగుతాది, ఎండాకాలం ఎట్ల ఉంటాది. మా బాపుకు చూపిస్తా.