తొలి తుపాకి ఎవరి కొలతకు?

గత సంవత్సరం చలికాలంలో టెక్సాస్ నుంచి మా తమ్ముని కొడుకు ఫోను చేశాడు. వాని కుమారునికి పన్నెండేళ్ళు నిండాయి. ఇరుగుపొరుగు పిల్లలు తండ్రుల వెంట దుప్పివేటకు వెళుతున్నారు. తానూ వెళతానని పిల్లవాడు పట్టుపట్టాడు. "పెద్దనాన్నా, తాతయ్య వెంట అడవిలో తిరిగినవారు మన ఇంట్లో మీరొక్కరే. వీడికి మొదటి రైఫిలు ఎటువంటిది కొనమంటారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న వచ్చి చేరిన చోటు చిత్రమైనది. నేను ఉంటున్నది సూరత్ నగరంలోని ఆల్థాన్‌లో. ఒకప్పటి పల్లె, ఇప్పుడు వరుసగా అపార్టుమెంట్లు లేచిన పేట. మా మెట్లమీద ఎదురయ్యేవారిలో సగంమంది జైనులు. నేలలో ఊరే దుంపనైనా ముట్టనివారు. వేట అన్న మాట ఇక్కడ బిగ్గరగా పలికేది కాదు. "నాకేమీ తెలియదు" అని తప్పుకోవచ్చు. కాని నేను తప్పుకున్నంత మాత్రాన తుపాకి కొనడం ఆగదు. మావాడు అప్పటికే ఒకటి చూసి ఉంచాడు. పాయింట్ 300 వించెస్టర్ మాగ్నం అట. దుప్పికంటె ఎన్నో రెట్లు పెద్దదైన ఎల్క్ వంటి మృగాన్ని కూల్చగలది. "ఇప్పుడు కాస్త పెద్దదే అయినా, ఎలాగూ పెరుగుతాడు కదా" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మనవాళ్ళలో ఇది తరతరాల అలవాటు. పండుగకు పిల్లవానికి చొక్కా కుట్టిస్తే రెండేళ్ళు రావాలని వదులుగా కుట్టిస్తాము. చేతులు మడిచి తొడుగుతాము. ఆ చొక్కా వల్ల ఎవరికీ హాని లేదు. తుపాకి చొక్కా కాదు.

మా నాన్నగారు ఆదిలాబాదు జిల్లాలో తహసీలు కచేరీ గుమాస్తా. ఆయనకు లైసెన్సు ఉన్న రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఉండేది. నాకు పదమూడేళ్ళు వచ్చేవరకూ దానిని ముట్టనివ్వలేదు. ముట్టనిచ్చిన తరువాత కూడా ఒక సీజనంతా తూటాలు లేని తుపాకినే మోయించారు. కంచె దాటేటప్పుడు ఎలా పట్టుకోవాలో, గొట్టం ఎవరివైపూ తిరగకుండా ఎలా నడవాలో, అది ఖాళీదే అని తెలిసినా నిండినదిగా ఎలా భావించాలో, ఆ సంవత్సరమంతా నేర్చుకున్న విద్య అదే.

1966 వేసవి మొదలవుతున్న రోజులు. జన్నారం అడవులలో ఇప్పపూలు రాలుతున్నాయి. రాత్రివేళ రాలిన ఆ తీపి పూలకోసం తెల్లవారుజామున చుక్కల దుప్పులు వస్తాయి. మేము చెట్టుచాటున కూర్చున్నాము. పొద చాటున ఎండుటాకుల అలికిడి. ఆగి ఆగి, మేస్తున్న మృగం కదిలినట్టే ఉన్నది. నాన్నగారు తుపాకి భుజానికి ఎత్తారు. మీటమీద మాత్రం వేలు పెట్టలేదు. అలాగే చాలాసేపు ఉండి దించేశారు. వెలుగు వచ్చాక చూస్తే ఒక గోండు వృద్ధురాలు గంపతో పూలు ఏరుకుంటున్నది. ఇప్పపూలకు మృగాలే కాదు, మనుషులూ వస్తారు. తిరిగివచ్చే దారిలో నాన్నగారు అన్నది ఒక్క మాటే: "కనబడనిదాన్ని కాల్చకు."

దశరథుని కథ తెలియని తెలుగువాడు లేడు. యువరాజుగా ఉన్న రోజులలో నీటి శబ్దాన్ని బట్టి బాణం వేశాడు. అది ఏనుగు కాదు, కుండ ముంచుతున్న మునికుమారుడు. గురి తప్పలేదు, గురే ఆ దోషానికి సాధనమయింది. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టిన వేటగాళ్ళు ప్రభుత్వం నిర్దేశించిన శిక్షణ పొందాలి. పదిహేడేళ్ళలోపు పిల్లలు ఆ శిక్షణ లేకుంటే పెద్దల తోడుతోనే వెళ్ళాలి. ఆ శిక్షణలో పదేపదే చెప్పే సూత్రాలలో ఒకటి ఇదే: లక్ష్యమేమిటో, దాని వెనుక ఏమున్నదో రూఢిగా చూడనిదే కాల్చరాదు. రామాయణం నేర్పిన పాఠాన్నే అక్కడివారు తరగతిలో చెబుతున్నారు.

కాబట్టి మావానికి నేను చెప్పినది ఇది. ఎంత బలమైన తుపాకి అని అడగవద్దు. పిల్లవాడు దేనిని భయం లేకుండా పేల్చగలడని అడుగు. తూటా ముందుకు పోయినంత నిశ్చయంగా తుపాకి వెనుకకు తన్నుతుంది. ఆ తన్ను రెండుమూడుసార్లు గట్టిగా తగిలిన పిల్లవాడు ఆ తరువాత మీట నొక్కబోతూనే కళ్ళు మూస్తాడు, భుజం ముడుచుకుంటాడు. ఒకసారి పట్టుకున్న ఆ బెదురు ఏళ్ళతరబడి వదలదు. బెదిరిన చేయి పేల్చిన గుండు దుప్పి గుండెకు తగలదు; పొట్టకు తగులుతుంది, కాలికి తగులుతుంది. ఆ మూగజీవి పొదల్లో పడి గంటలతరబడి నరకం అనుభవిస్తుంది. తండ్రి చూపించుకున్న గొప్పకు వెల చెల్లించేది అది.

దుప్పికి పాయింట్ 243 వించెస్టర్ చాలు. 1955లో వచ్చిన తూటా అది. సుమారు ఆరున్నర గ్రాముల గుండు. దాని తన్ను పెద్దలు వాడే పాయింట్ 30-06 తన్నులో దాదాపు సగం. మావాడు చూసి ఉంచినదానిలో సగంకంటె తక్కువ. మరీ తేలికైన రైఫిలు కూడా మంచిది కాదు. మోయడానికి సుఖమే గాని, తుపాకి బరువు తగ్గినకొద్దీ తన్ను పెరుగుతుంది. మూడు కిలోల పైచిలుకు ఉంటే పిల్లవానికి సరిపోతుంది. ఒక్కొక్క గుండుకూ చేత్తో బోల్టు లాగవలసిన రకం మేలు. గుండుకూ గుండుకూ నడుమ ఆలోచించే వ్యవధి దొరుకుతుంది.

అన్నిటికంటె ముఖ్యం పొడవు. మీటనుంచి మడమ చివరివరకు ఉండే దూరం పెద్దల తుపాకిలో పదమూడున్నర అంగుళాలుంటుంది. పన్నెండేళ్ళ చేతికి అది ఎక్కువ. మెడ చాచి, నడుము వెనక్కు వంచి పట్టుకోవలసి వస్తుంది. సూరత్ బట్టలూరు, ఇక్కడి దర్జీ ఎవడైనా భుజమూ చేయీ కొలవకుండా కత్తెర పట్టడు. తుపాకి కొనేచోట కూడా పిల్లవాణ్ణి నిలబెట్టి అంత శ్రద్ధగా కొలిపించమన్నాను. పొట్టి మడమతో కొని, పిల్లవాడు పెరిగినకొద్దీ బిళ్ళలు చేర్చి పొడిగించే రకాలు ఉన్నాయి.

వేటకు ముందు పాయింట్ 22 రైఫిలుతో కాగితపు లక్ష్యాలమీద నెలలతరబడి సాధన. తన్ను లేదన్నంత తక్కువ, ఖర్చూ తక్కువ. చెవులకు రక్ష తప్పనిసరి. రైఫిలు మోత 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. ఆ తరువాత పెద్ద రైఫిలుతో పరీక్ష. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల ఫలహారపు పళ్ళెమంత. ఎంత దూరంనుంచి అయిదు గుళ్ళూ ఆ పళ్ళెంలోనే పడతాయో, అదే ఆ పిల్లవాని హద్దు. ఆపైన ఉన్న దుప్పిని చూసి ఆనందించి రావాలి.

ఈ మాటలన్నీ విన్న మా మనుమడు, వానికీ పన్నెండేళ్ళే, ఫోను పెట్టగానే అడిగాడు: "తాతయ్యా, వాడు కాల్చవచ్చు, నేనెందుకు కాల్చకూడదు?"

తేలికైన ప్రశ్న కాదు. అమెరికాలో 1900 ప్రాంతంలో తెల్లతోక దుప్పులు అయిదు లక్షలకు మించి లేవని అంచనా. వేటకు కట్టడి పెట్టారు. 1937లో తుపాకులమీద, తూటాలమీద పన్ను విధించి ఆ సొమ్మును వన్యప్రాణులకే ఖర్చు చేసే చట్టం తెచ్చారు. ఇప్పుడవి సుమారు మూడు కోట్లు. తినే తోడేళ్ళు చాలాచోట్ల లేవు కాబట్టి అవి అడవిని మేసివేస్తున్నాయి, రోడ్లమీద కార్లకు అడ్డుపడుతున్నాయి. అక్కడ వేటగాడు తోడేలు చేయవలసిన పని చేస్తున్నాడు. మన దగ్గర పులి, చిరుత, రేచుకుక్క ఇంకా ఉన్నాయి. వాటికే ఆహారం చాలడం లేదు. అందుకే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సులకే స్వస్తి పలికారు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణది. 1972 చట్టం వచ్చాక నాన్నగారు తుపాకిని ఠాణాలో అప్పగించి వచ్చారు. ఆయన కూర్చున్న అడవి ఇప్పుడు కవ్వాల్ పులుల అభయారణ్యం.

"అయితే నాకు ఏమీ లేదా?" అన్నాడు మనుమడు. ఉన్నది. పది మీటర్ల దూరంనుంచి 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకితో కాల్చే పోటీ. అక్కడ పదికి పది తెచ్చే చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారు పతకం తెచ్చినదీ, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చినదీ ఈ పోటీలోనే. వానిని శిక్షకుని దగ్గర చేర్పించాము. ఒకటే షరతు పెట్టాను: ఆ తుపాకి పావురంవైపు ఒక్కసారి తిరిగినా మరునాటినుంచి దానిని చూడడానికి ఉండదు. చట్టం కూడా దానిని వేటగానే లెక్కిస్తుంది.

మావాడు మాగ్నం కొనలేదు. పొట్టి మడమ ఉన్న పాయింట్ 243 కొన్నాడు. మొదటి సీజనులో పిల్లవాడు నాలుగు ఉదయాలు తండ్రితో కూర్చున్నాడు. మూడవనాడు గుట్ట శిఖరంమీద దుప్పి నిలిచిందట. దాని వెనుక ఆకాశమే తప్ప గుండును ఆపే మట్టిగట్టు లేదు. ఆవలి పక్క ఎవరున్నారో తెలియదని రైఫిలు దించేశాడట. ఆ సంగతి తండ్రి కొంచెం నిరాశగానే చెప్పాడు. నాకు మాత్రం కొనవలసిన తుపాకినే కొన్నారనిపించింది. ఈ ఏడు పిల్లవాడు రెండంగుళాలు పొడుగయ్యాడు. మడమకు మొదటి బిళ్ళ చేర్చారు.