మధ్యలో ఎనిమిది స్టేషన్లు!

'ఉద్యోగం ఇప్పించండి మహాప్రభో' అంటూ కుర్రకారు ఒకవైపు. 'పనొచ్చినవాళ్లు దొరకడం లేదు' అంటూ తలపట్టుకునే కంపెనీలు ఇంకోవైపు. ఈ రెంటికీ మధ్య దూరం మెట్రోలో ఎనిమిదంటే ఎనిమిది స్టేషన్లు! ఆ చిత్రం చూడాలంటే హైదరాబాద్‌లోని అమీర్‌పేట వెళ్లాల్సిందే.

ఉదయం ఏడు గంటలు. మైత్రీవనం కూడలి అప్పటికే కిటకిటలాడుతుంటుంది. వీపున బ్యాగు, చేతిలో నోట్సు... సందుల్లోకి పరుగులు తీసే అబ్బాయిలూ అమ్మాయిలూ. మెట్రో మెట్లు దిగేసరికి చేతిలో ఓ కరపత్రం పడుతుంది. తలెత్తితే బోర్డులే బోర్డులు. జావా, పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, డేటా సైన్స్... 'రేపట్నుంచే కొత్త బ్యాచ్', 'డెమో ఉచితం'! 2020 లాక్‌డౌన్‌తో పాఠాలు చాలావరకూ ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. అయినా ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్లమీద సందడి పోలేదు. శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చినవాళ్లు ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ముగ్గురూ నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటారు. పొద్దున ఇడ్లీబండి, మధ్యాహ్నం కర్రీపాయింటు. ఊళ్లో నాన్న పంపే డబ్బులు అయిపోయేలోగా ఉద్యోగం రావాలి. లెక్క అంతే!

బోర్డులే చరిత్ర

అమీర్‌పేట బోర్డుల్ని వరసగా చదివితే ఐటీ చరిత్ర మొత్తం తెలిసిపోతుంది. 1990ల చివర వైటూకే గండం వచ్చినప్పుడు ఎక్కడ చూసినా మెయిన్‌ఫ్రేమ్సే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. జావా, ఒరాకిల్ బోర్డులు వెలిశాయి. ఆపైన శాప్, టెస్టింగ్ టూల్స్, తర్వాత హడూప్, ఇప్పుడు ఏఐ. సత్యం థియేటర్ పోయి, ఆ చోట 2023లో మల్టీప్లెక్స్ వచ్చినట్టే కోర్సులూ మారిపోతుంటాయి. మారనిది ఒక్కటే... 'ఇప్పుడు దేనికి డిమాండుందండీ?' అన్న ప్రశ్న.

చిక్కంతా అక్కడే. డిమాండు ఉందని తెలిసి అందరూ ఒకే కోర్సులో చేరతారు. నేర్చుకుని బయటికొచ్చేసరికి ఆ గుంపే వేలల్లో ఉంటుంది. కంపెనీలేమో అప్పటికి మరోదాని కోసం వెతుకుతుంటాయి.

కాలేజీలో ఏం జరిగింది?

నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినవాళ్లకి మళ్లీ మూణ్నెల్ల కోర్సు ఎందుకు? దేశంలోని ఇంజినీరింగ్ పట్టభద్రుల్లో పాతిక శాతం మందే అంతర్జాతీయ కంపెనీల్లో పనికి సరిపోతారని నాస్కామ్-మెకిన్సే నివేదిక 2005లోనే చెప్పింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కూలీల పిల్లలూ ఇంజినీర్లయ్యారు. అది చిన్న విషయం కాదు. కానీ కాలేజీలు పుట్టుకొచ్చినంత వేగంగా మంచి అధ్యాపకులు పుట్టుకురాలేదు. ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాడికి కంపెనీ ఇచ్చే జీతం ముందు కాలేజీ ఇచ్చేది ఏ మూలకి? అతడు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోతాడు. ల్యాబ్ రికార్డు మాత్రం సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్ల చేతికి భద్రంగా వస్తూనే ఉంటుంది!

అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది?

అలాగని తప్పంతా పిల్లలదీ కాలేజీలదీ కాదు. హైటెక్ సిటీలో 'మనుషుల్లేరు' అంటే అర్థం- మూడు నుంచి ఐదేళ్లు పనిచేసి, చేరిన మర్నాడే ప్రాజెక్టు అందుకునేవాళ్లు లేరని. అలాంటివాళ్లు దొరికినా నిలవరు. కొవిడ్ తర్వాత అందరికీ ఆన్‌లైన్ సేవలు అవసరమయ్యేసరికి కంపెనీలు ఒకరి ఉద్యోగుల్ని ఒకరు లాక్కున్నాయి. 2022 జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ వలసల రేటు 28.4 శాతం! మూణ్నెల్ల నోటీసు గడువులో మరో రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని, చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తనివాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత గాలి తిరగబడింది. 2023-24లో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది.

ఇలా ఎప్పుడు పెంచుతారో ఎప్పుడు తగ్గిస్తారో తెలియనప్పుడు కొత్తవాళ్లని తీసుకుని, నేర్పించి, ఎదిగేదాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? నేర్పిస్తే పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందన్న భయం ఒకటి. దాంతో అందరికీ అనుభవజ్ఞులే కావాలి, వాళ్లని తయారుచేసే పని మాత్రం ఇంకెవరో చేయాలి!

ఆ ఖాళీలోనే దళారులు దూరారు. చేయని ఉద్యోగానికి అనుభవం సర్టిఫికెట్టు, ఇంటర్వ్యూలో ఒకరికి బదులు మరొకరు. దొరికితే ఉద్యోగం పోతుంది, మచ్చ మిగులుతుంది. అంతకన్నా పెద్ద నష్టం నిజాయతీగా నేర్చుకున్నవాడిది. దొంగ రెజ్యూమెలు చూసిచూసి కంపెనీలు అసలైనదాన్నీ అనుమానిస్తాయి. మరో రౌండ్ ఇంటర్వ్యూ, మరో పరీక్ష పెడతాయి. ఖాళీలు మాత్రం అలాగే ఉంటాయి.

దారి లేదా అంటే ఉంది!

తెలంగాణ ప్రభుత్వం 'టాస్క్' ద్వారా కాలేజీ విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది. 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ ఏర్పాటైంది. అమీర్‌పేటలోనూ చేయిపట్టుకుని నేర్పే గురువులున్నారు. ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు అడగాల్సింది 'ఉద్యోగం గ్యారంటీయేనా' అని కాదు. పాఠం చెప్పేదెవరు, ఆయన ఏ ప్రాజెక్టుల్లో పనిచేశారు, రోజూ ఎన్ని గంటలు పిల్లలచేత స్వయంగా ప్రోగ్రాములు రాయిస్తారు- ఇవీ అడగాలి. డెమోకి పిల్లలతో పాటు వెళ్లినా తప్పులేదు. మూడో సంవత్సరంలోనే 'నువ్వు సొంతంగా ఏం తయారుచేశావురా?' అని ఇంట్లో ఒక్కమాట అడిగినా, నాలుగో ఏడాది తర్వాత హాస్టల్ ఖర్చు కొంతైనా తప్పుతుంది.

కోర్సు పేరు బోర్డు మీద మారొచ్చు. లెక్క తేలనిదే లేవకుండా కూర్చునే అలవాటు మాత్రం ఏ కాలానికైనా పనికొస్తుంది. అలాంటివాళ్ల కోసమే అక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి!