140 డాలర్లకి ఒక పసుపు చేప

హవాయి వెళ్ళొచ్చిన ప్రతివాడూ చెప్పే మాట ఒకటే: "స్నోర్కెలింగ్ చెయ్యకపోతే వెళ్ళినట్టే కాదు". తిరుమల వెళ్ళి లడ్డూ లేకుండా దిగొచ్చినట్టన్నమాట. సరే, నేనూ వెళ్ళాను, చేశాను కూడా. కానీ ఈ లడ్డూ గురించి ఎవరూ చెప్పని సంగతులు కొన్నున్నాయి. అవి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

2023 మార్చిలో అమ్మా నాయనా మా దగ్గరికి అమెరికా వచ్చినప్పుడు, హొనొలులూ నుంచి వారం రోజుల క్రూజ్ ఎక్కాం. ఒక్కో దీవీ చూపిస్తారు. బిగ్ ఐలాండ్ లో కోనా దగ్గర ఒక పగలంతా ఆగుతుంది. ఆ దీవి మొత్తం అగ్నిపర్వతాలు కక్కిన లావాయే. వాటిల్లో మౌనా లోవా అంతకు నాలుగు నెలల క్రితమే, 38 ఏళ్ళ తర్వాత మళ్ళీ కక్కింది. ఒడ్డంతా నల్లగా, కాలిన పెనం మాడులా ఉంటుంది.

మాది గుర్రంకొండ. మదనపల్లె పక్కన. కొండ, కోట, టమాటాలు, అంతే. సముద్రమంటే ఎప్పుడో మద్రాసు పోయినప్పుడు చూసింది. ఈత అంటే మాత్రం కపిలి బావి. నాకు ఊహ తెలిసేసరికే ఎద్దులూ లేవు, కపిలీ లేదు, కరెంటు మోటారు వచ్చేసింది, పేరు మాత్రం మిగిలింది. నాయన నడుముకి బెండు కట్టి నన్ను అందులోకి తోసేశాడు. నాలుగో రోజు బెండు విప్పేశాడు. గట్టు మీంచి దూకి, అడుగుదాకా మునిగి, పిడికెడు మన్ను పట్టుకుని పైకొస్తే పాసైనట్టు. మా వీధి పిల్లల్లో సగం మందికి ఈత నేర్పింది ఆయనే. ఆ బావి ఎండిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. చుట్టూ బోర్లు పడ్డాయి, నీళ్ళు వందల అడుగులు కిందికి దిగిపోయాయి. అంటే నాయన ఈత కొట్టి కూడా అంతే కాలమైంది. అందుకే "ఒక మునక మునుగుదాం పా రా" అని ఆయన నోటితో ఆయనే అన్నాడు. ఏదైనా కావాలని ఆయన అడగడం నేను విన్నది అదే మొదలు. వెంటనే మనిషికి 140 డాలర్లు చొప్పున రెండు టికెట్లు కొట్టేశాను. అమ్మా, మా ఆవిడా ఊరు చూస్తామన్నారు.

కోనాలో పెద్ద ఓడ ఒడ్డుకి రాలేదు. దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతారు. ఆ క్యూ, ఆ ఎండ, ఆ తోపులాట దాటుకుని స్నోర్కెలింగ్ పడవ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం బ్యాచ్. అక్కడ చేతికో ఫారం ఇచ్చారు. గుండె జబ్బు ఉందా? బీపీ మందులు వాడతారా? నాయనకి 2019లో స్టెంట్ వేశారు. "అన్నిటికీ నో కొట్టేయండి సార్, ఎవడు చూస్తాడు" అని వెనకాల ఒక తెలుగాయన సలహా పారేశాడు. (ఎక్కడికెళ్ళినా ఒకడుంటాడు!) నేను ఉన్నదున్నట్టు రాశాను. పడవ ఎక్కొచ్చుగానీ నీళ్ళలోకి దిగకూడదన్నారు. డబ్బులు వెనక్కి రావన్నారు.

ఒళ్ళు మండింది. తర్వాత ఇంటికొచ్చి చదివితే తెలిసింది, హవాయిలో టూరిస్టులు నీళ్ళలో చనిపోయే సందర్భాల్లో స్నోర్కెలింగ్ దే మొదటి స్థానమట. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ఏం చెప్తుందంటే, అందులో చాలామంది నీళ్ళు మింగి పోయినవాళ్ళు కాదు. ఆ గొట్టంలోంచి బలవంతంగా గాలి లాగుతుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, గుండె జబ్బు ఉంటే ఇంకా తొందరగా. కేకలుండవు, కొట్టుకోవడం ఉండదు, మనిషి నిశ్శబ్దంగా వాలిపోతాడు. బావిలో దమ్ము పట్టి మునగడం వేరు, ఇది వేరు. కాబట్టి ఫారం కరెక్టే. నా గొడవల్లా ఒకటే, ఆ ప్రశ్నలు క్రెడిట్ కార్డు నంబరు అడిగే పేజీలో ఎందుకు ఉండవు? ఒక చెక్ బాక్సు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పనే చేసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, పది నిమిషాలు.

అరగంట పైన ప్రయాణం చేశాక కెయలకెకువా బే వచ్చింది. 1779 ఫిబ్రవరి 14న కెప్టెన్ కుక్ ని అక్కడివాళ్ళు చంపింది ఈ ఒడ్డునే. 1874లో కట్టిన తెల్ల స్తంభం కనబడుతుంది. కుక్ చచ్చిన ఏడు మా గుర్రంకొండ కోట హైదర్ అలీ చేతిలో ఉండేది. ఈ ముక్క నాయనకి చెప్తే స్తంభాన్ని కాస్త గౌరవంగా చూశాడు.

ఇహ నా దిగుడు. నా పవర్ మైనస్ 5. కళ్ళద్దాల పవర్ మాస్కులు ఉంటాయని వెబ్ సైట్ లో రాశారు, పొద్దుటి బ్యాచ్ పట్టుకెళ్ళిపోయారట. మామూలు మాస్కుతో దిగాను. నీళ్ళలో అన్నీ మూడోవంతు పెద్దగా కనిపిస్తాయని ఫిజిక్సులో చదువుకున్నాం కదా, మసక కూడా మూడోవంతు పెద్దదే అయింది :-) జానెడు దూరం దాటితే అంతా పొగమంచే. పైగా మీసం. రబ్బరు అంచుకీ చర్మానికీ మధ్య మీసం ఉంటే నీళ్ళు కారతాయట, తీసేస్తే సరిపోతుందని గైడు పిల్లాడు సలహా ఇచ్చాడు. సీమలో పుట్టినవాడితో అనాల్సిన మాటేనా అది? వాజలీన్ పూసుకుని దిగాను. అయినా కారింది. మధ్యాహ్నం గాలికి అలలు లేచి నీళ్ళు మట్టి పట్టాయి.

నలభై నిమిషాల్లో నేను చూసిందేంటంటే, ఒక పసుపు చేప. మాస్కుకి దగ్గరగా వచ్చి పోయింది కాబట్టి చూశాను. అక్కడి చేపల్లో నాలుగోవంతు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవట. రాష్ట్ర చేప పేరు హుముహుమునుకునుకుఆపువాఆ. పేరైతే బట్టీ పట్టాను, దర్శనం కాలేదు. కింద కొన్నిచోట్ల బాగా దగ్గరగా వెళ్ళి చూస్తే పగడాల బదులు బూడిద రంగు దిబ్బలు, వాటి మీద పాచి. ఇదేంటని గైడుని అడిగాను. కుర్రాడు ఏమీ దాచలేదు. "చాలావరకు 2015లో పోయింది సార్" అన్నాడు. ఆ ఏడు నీళ్ళు మామూలు కంటే బాగా వేడెక్కాయి. పగడం ఒంట్లో ఉండి దానికి తిండి పెట్టే సన్నటి నాచుని అది వేడికి తట్టుకోలేక బయటికి నెట్టేస్తుంది, తెల్లబడుతుంది, ఆకలితో చస్తుంది. ఈ దీవి పడమటి తీరంలో సుమారు సగం పగడం అలా పోయింది. 1969 నుంచీ రక్షిత ప్రాంతమే, వల వేసేవాణ్ణి ఆపొచ్చుగానీ వేణ్ణీళ్ళని ఎవరాపుతారు?

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది. పగడం పోయినందుకు పడవవాణ్ణి తిట్టలేను. కానీ బ్రోషరు మీద మాత్రం రంగులే రంగులు, గుంపులు గుంపులుగా చేపలు. ఇది దెబ్బ తిన్న చోటు, ఇప్పుడిలా ఉంది, కోలుకుంటోందా లేదా వచ్చి చూడండి అని రాసి ఉంటే నేను రానా? అప్పుడైతే ఇంకా శ్రద్ధగా చూసేవాణ్ణి.

పడవెక్కగానే నాయన అడిగాడు, "ఏం రా, ఏముండాది అడుగున?"

"ఒక చేప కనబడింది నాయనా. మిగతాదంతా చచ్చిపోయిన రాయి".

"మళ్ళా వస్తాదా అది?"

గైడుని అడిగి చెప్పాను. చల్లారిన లావా మీద కూడా కొత్త పగడం మొలుస్తుందట, కాకపోతే దశాబ్దాలు పడుతుంది, ఈలోగా నీళ్ళు మళ్ళీ వేడెక్కకూడదు. నాయన కాసేపాగి, "మన బాయిలో నీళ్ళొచ్చే దానికంటే ముందే వస్తాదిలే" అన్నాడు.

ఆ గైడు ఏమనుకున్నాడో ఏమో, మిగతావాళ్ళు ఎక్కేలోపు నాయనని వెనక నిచ్చెన ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాడు. పంచె మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, పదినిమిషాలు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడాయన.

రాత్రికి ఓడలో ఉండగా మా బ్యాచ్ ఫోటోలంటూ 40 డాలర్లకి ఒక లింకు వచ్చింది. అందులో బ్రహ్మాండమైన తాబేలు ఉంది. మేం చూసింది కాదు. కొనలేదు. మెట్టు మీద కూర్చున్న ఫోటో నా ఫోన్లో ఉంటే నాయన వాట్సాప్ లో మా పెదనాయనకి పంపించుకుని కింద రాశాడు, "నీళ్ళు వెచ్చగా వుండాయి".