వానతోపాటే వచ్చిన అక్కయ్య

మా చుట్టాలెవరైనా హైదరాబాద్‌ వస్తున్నారంటే మా ఇంట్లో ముందుగా ఒక కాగితం తయారవుతుంది. ఏ రోజు ఏం చూపించాలో రాసుకునే కాగితం. మేముండేది ఫిలింనగర్లో. నేను చేసేది ఒక ఎడిటింగ్‌ ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. అయినా మా ఊరివాళ్ల దృష్టిలో నేను ‘సినిమావాణ్ని’. హీరోలంతా పొద్దున్నే మా వీధి చివరే పాలప్యాకెట్లు కొనుక్కుంటారని వాళ్ల నమ్మకం.

2023 జులైలో మా అక్కయ్య, బావగారు, ఆరేళ్ల మనవడు వచ్చారు. వాళ్లుండేది కోనసీమలోని ఒక లంకలో. చుట్టూ గోదారి. బజారుకెళ్లాలన్నా ఆసుపత్రికెళ్లాలన్నా పడవెక్కాల్సిందే. అధిక శ్రావణం, పెళ్లిళ్లూ పేరంటాలూ లేవు, ఏట్లో నీరు కూడా ఇంకా పెరగలేదు కదా అని పిల్లాడి చేత నాలుగు రోజులు బడి మాన్పించి బయల్దేరారు.

నా కాగితం పకడ్బందీగా ఉంది. మొదటిరోజు జూబ్లీహిల్స్‌లో హీరోల ఇళ్లు, అన్నపూర్ణ స్టూడియో, పెద్దమ్మ గుడి. రెండోరోజు పొద్దున్నే కేబీఆర్‌ పార్కులో నెమళ్లు, సాయంత్రం ఫిలింనగర్‌ దైవసన్నిధానం. మూడోరోజు రామోజీ ఫిల్మ్‌సిటీ.

వాళ్లు రైలు దిగేసరికే ముసురు. మర్నాటికి కుంభవృష్టి. గురు, శుక్రవారాలు బడులకు సెలవు ప్రకటించారు. మా ఇద్దరు పిల్లలు ఎగిరి గంతేశారు. నా కాగితం మాత్రం గోడకి అలాగే వేలాడుతోంది.

అయినా పట్టు వదల్లేదు. గురువారం వాన కాస్త తెరిపివ్వగానే ఆటో మాట్లాడి అందరినీ జూబ్లీహిల్స్‌ తిప్పాను. ‘ఇది ఫలానా హీరో ఇల్లు’ అంటే అక్కయ్య పరదా తొలగించి చూసింది. ఎత్తయిన గేటు, గొడుగు పట్టుకున్న సెక్యూరిటీ మనిషి. ‘ఇది ఇంకో హీరోది’ అన్నాను. మరో గేటు, మరో గొడుగు. నాలుగో గేటు దగ్గర మనవడు ‘తాతా, ఇంటికెళ్లిపోదాం’ అని ఏడుపు లంకించుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో అతను కృష్ణానగర్‌ వైపు నుంచి తీసుకొచ్చాడు. జూబ్లీహిల్స్‌ గుట్టల మీద పడిన నీరంతా పల్లంలో ఉన్న ఆ వీధుల్లోకే పరుగెడుతుంది. జూనియర్‌ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్‌వాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. మోకాల్లోతు నీళ్లలో ఒకామె బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతోంది. హీరోల ఇళ్ల దగ్గర పెదవి విప్పని అక్కయ్య అప్పుడంది.

‘‘ఏరా, మీకూ లంకలున్నాయన్నమాట!’’

ఆ మాటతో నా కాగితం చింపేశాను.

శుక్రవారమంతా ఇంట్లోనే. అక్కయ్య తన సంచిలోంచి పనసాకుల కట్ట తీసింది. నాలుగు ఆకుల్ని కొబ్బరీనె ముక్కలతో గుచ్చి బుట్ట కుట్టడం మా పిల్లలకి నేర్పింది. పదో తరగతి చదివే మా అమ్మాయి కుట్టిన మొదటి మూడు బుట్టలూ కారిపోయాయి. నాలుగోది నిలిచింది. వాటిల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద పెడితే మా కోనసీమ పొట్టిక్కలు సిద్ధం. పనసాకు వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఫోను పట్టుకుంటే వదలని మా అబ్బాయి పీట వేసుకుని కూర్చుని ‘అత్తయ్యా, ఇంకోటి’ అని అడిగి తిన్నాడు.

కింది వాటాలో ఉండే లైట్‌బాయ్‌కి ఆరోజు షూటింగ్‌ లేదు. పిలిస్తే టీకి వచ్చాడు. బావగారు ‘ఏమయ్యా, సినిమాల్లో వాన ఎలా కురిపిస్తారు?’ అని అడిగారు. ట్యాంకరు నీళ్లు, పైన గొట్టాలు, వాటికి చిల్లులు, వెనక నుంచి పెద్ద లైటు... ఆ వెనక లైటు లేకపోతే ఎంత వాన పడినా చినుకు కెమెరాకి సరిగా కనిపించదట. ‘నిజం వాన పడితే మా వాన సీను ఆగిపోతుంది సార్‌. ఆరోజు కూలీ కూడా ఆగిపోతుంది’ అన్నాడు నవ్వుతూ. బావగారు నవ్వలేదు. మరో రెండు పొట్టిక్కలు అతని పళ్లెంలో వేయమన్నారు.

రాత్రి బాపు ‘అందాల రాముడు’ పెట్టాం. 1973లో వచ్చిన ఆ సినిమా కథంతా గోదారి మీద పడవ ప్రయాణమే. ‘రోజూ పడవెక్కేవాళ్లకి పడవ సినిమా ఏంట్రా’ అని బావగారు వేళాకోళమాడారు. ఆఖరిదాకా చూసిందీ ఆయనే.

శనివారం మెట్రో ఎక్కాం. వానలో చుట్టాల్ని తిప్పడానికి దాన్ని మించింది లేదు. జూబ్లీహిల్స్‌ చెక్‌పోస్టులో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగాం. అక్కణ్నుంచి సాలార్‌జంగ్‌ మ్యూజియం దగ్గరే. శుక్రవారం సెలవు కాబట్టి ముందురోజు ఇంట్లో ఉండటమే మంచిదైంది. గంట కొట్టేవేళకి గడియారంలోంచి బుల్లి బొమ్మ బయటికొస్తుంటే మనవడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ‘ముసుగులో రెబెకా’ ముందు అక్కయ్య చాలాసేపు నిలబడిపోయింది. ‘రాయిరా ఇది? తడిసిన కొంగులా ఉంది’ అంది.

బయటికొస్తే మూసీ ఎర్రగా పారుతోంది. ఈ నదికీ వరదొచ్చిందా అని అడిగింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద గురించి చెప్పాను. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టెక్కి సుమారు నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాతే వరదని ఆపడానికి ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ కట్టారు. ‘ఆ చెట్టు ఇంకా ఉందా?’ అంది. ఉంది. గొడుగులేసుకుని వెళ్లాం. అక్కయ్య దాని మొదలుని చేత్తో తడిమింది. అక్కడే, ఆ తడి నేలమీద నిలబడే, అసలు మాట చెప్పింది.

‘‘ఒరేయ్‌ తమ్ముడూ, ఇల్లు తీసేద్దామనుకుంటున్నాం. నీకు చెప్పి పోదామనే వచ్చాను.’’

అది మా నాన్న కట్టించిన పెంకుటిల్లు. ఏటా ఒడ్డు కోసుకుపోతోంది. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా ఏట్లో పడుతున్నాయి. పెరట్లో మిగిలింది రెండు వరసలే. 2022 జులై వరదకి వారంపాటు పక్కవాళ్ల డాబా మీద తలదాచుకున్నారట. అప్పుడు నేను ఫోన్లో ‘జాగ్రత్త’ అని చెప్పాను. అంతే. ఏటిగట్టు అవతల నాలుగు సెంట్లు చూసుకున్నారు. నాకూ వాటా ఉన్న ఇల్లు కాబట్టి నా మాట కావాలి. వచ్చిన రోజు నుంచీ చెబుదామని చూస్తోందట. నేనేమో గేట్లు చూపిస్తూ తిరుగుతున్నాను.

‘‘మరి 1986 గీత?’’ అన్నాను. ఆ ఏడాది ఆగస్టు వరద తగ్గాక నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తుగా నాన్న వీధి గుమ్మానికి ఉలితో గీత కొట్టారు. అప్పుడది నా తలకన్నా ఎత్తు. ‘2022 నీళ్లు దానికి మూరెడు కింద ఆగాయి. బావ అక్కడ ఇంకో గీత కొట్టారు’ అంది అక్కయ్య. మా అమ్మాయి వింటోంది. ‘నాన్నా, ఆ ఇల్లు నేనెప్పుడు చూశాను?’ అని అడిగింది. ఆలోచిస్తే దానికప్పుడు ఎనిమిదేళ్లు.

ఆ రాత్రి బావగారు ఫోన్లో భద్రాచలం నీటిమట్టం చూస్తూ కూర్చున్నారు. నలభైమూడు అడుగులకి మొదటి హెచ్చరిక, నలభైఎనిమిదికి రెండోది, యాభైమూడుకి మూడోది. మా అబ్బాయి కూడా పక్కన చేరి ఆ అంకెలు చదివి వినిపించాడు. వాళ్లు ఆదివారం ఉంటారనుకున్నాం. పెరుగుతోందని చెప్పి పొద్దున్నే వెళ్లిపోయారు. ఏమీ చూపించలేకపోయానని నేను నొచ్చుకుంటే ‘నాలుగు రోజులు కూర్చుని మాట్లాడావు కదరా’ అంది అక్కయ్య.

దసరా సెలవులకి నలుగురం వెళ్లాం. అప్పటికే పెంకులు దించేశారు. వీధి గుమ్మాన్ని మాత్రం నేనూ బావగారూ దగ్గరుండి పడవెక్కించాం. ఇప్పుడది గట్టు అవతల కొత్తింటికి బిగించి ఉంది. రెండు గీతలూ అలాగే ఉన్నాయి. మా అమ్మాయి పక్కన నిలబడి కొలుచుకుంది. 1986 గీత దాని నుదుటి దాకా వచ్చింది.

ఇప్పుడు చుట్టాలొస్తున్నారంటే మా ఇంట్లో కాగితం రాయడం లేదు. వానాకాలమైతే మా ఆవిడ మినప్పప్పు నానబోస్తుంది. పనసాకులు మాత్రం వచ్చేవాళ్లే తెచ్చుకోవాలి.