వెనక కూర్చునే మనిషి

బండి కొనేటప్పుడు అందరం ముందు సీటు మీదే కూర్చుని చూస్తాం. అమ్మ కోసం బండి వెతకడం మొదలుపెట్టాక నా చూపు వెనక సీటు మీదికి మళ్లింది. అమ్మ చీర కట్టుకుని, కాళ్లు రెండూ ఎడమవైపు వేసి కూర్చుంటుంది. అందుకు వెడల్పుగా, ఒకే మట్టంగా సాగే సీటు కావాలి. స్పోర్ట్స్ బైకుల్లో ఎత్తుగా, విడిగా ఉండే ఆ కాస్త వెనక సీటు కుర్రాళ్లకైనా సుఖమని నేననుకోను.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది నాకెంతో ఇష్టం. పట్టుకోవడానికి పిడి, కాలు ఆనించుకోవడానికి ఫుట్‌రెస్ట్, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలంటుంది. మనం శారీగార్డ్ అనేది దాన్నే. బండి అందం చెడుతుందని దాన్ని ఊడదీయించేవాళ్లను చూస్తే గుండె ఝల్లుమంటుంది. చీర కొంగుకైనా, చున్నీకైనా తిరిగే చక్రం పక్కన అడ్డుగా ఉండేది అదొక్కటే.

ఊళ్లో తిరగడానికి 125 సీసీ చాలు. శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే మాత్రం ఇంకాస్త బలమున్న ఇంజిన్ మేలు. ఒకవైపుగా కూర్చున్న మనిషితో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా పాదాలు రెండూ నేలకు గట్టిగా ఆనాలి. ఎత్తయిన బండ్లు అందుకే వద్దనుకున్నాను. ఇద్దరెక్కినప్పుడు వెనక టైరులో గాలి ఎంతుండాలో కంపెనీ వేరుగా చెబుతుంది. అదీ పాటించాలి.

హెల్మెట్ మాత్రం బండికంటే ముందే కొంటాను. అమ్మ కొప్పు కాస్త కిందికి దించి ముడుచుకుంటే సరిగ్గా పట్టే సైజు దొరికింది.