సర్జా తిన్న పండగ

దసరాకో దీపావళికో స్నేహితులు వచ్చే రోజు మా ఫ్లాట్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తాను. "గుండుకి ఏమీ పెట్టకండి. పెట్టాలనిపిస్తే నన్ను అడగండి." గుండు మా కుక్క. కాగితం చదివి అందరూ నవ్వుతారు. చదివాక కూడా ఎవరో ఒకరు లడ్డు తుంచి చెయ్యి కిందికి చాపుతారు. "ఏంది బై, చిన్న ముక్కకే ఏమైతది? పాపం, దానికి మాత్రం పండగ లేదా?" అంటారు. లడ్డులో కిస్‌మిస్ ఉంది, అది కుక్క కిడ్నీలను పాడు చేయగలదు అని చెప్తాను. అతి జాగ్రత్త అనుకుంటారు. నేనూ నవ్వి ఊరుకుంటాను. పండగ పూట సర్జా సంగతి చెప్తే బాగుండదు కదా.

మాది ఆదిలాబాద్ జిల్లాలో బేల వైపు, పెన్‌గంగకు దగ్గరి ఊరు. నది దాటితే మహారాష్ట్ర. సగం ఊరు మరాఠీ మాట్లాడుతుంది. మా దగ్గర శ్రావణ అమావాస్య అంటే పొలాల, వాళ్లకు పోళా. పేరు ఏదైనా పండగ ఎడ్లదే. ముందు రోజు కాడి మోసి కాయలు కాసిన మెడకు పసుపు, వెన్న కలిపి రాస్తారు. పండగనాడు కడిగి, కొమ్ములకు రంగులేసి, మీద జూలు కప్పి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పుతారు. ఆ తర్వాత ఇంటింటికీ తీసుకుపోతారు. ప్రతి గడప ముందూ కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, నోటికి ఏదో ఒకటి అందిస్తారు. మా ఇంట్లో బచ్చాలు, పక్కింట్లో పూరణ్‌పోళీ, ఇంకో ఇంట్లో బెల్లమన్నం. ఏడాదంతా మన తిండి కోసం పనిచేసిన జీవానికి ఒక్కరోజు మన చేత్తో తినిపించడం. ఇంతకంటే మంచి పండగ ఇప్పటికీ నేను ఎక్కడా చూడలేదు.

తాతకు రెండెడ్లు, సర్జా, రాజా. ఆ జోడు పేర్లు మా వైపు ఊరికో నాలుగు ఉంటాయి. ఆ ఏడు నాకు పదేళ్లు. సర్జా పలుపు నా చేతికి ఇచ్చారు. ఎంత గర్వమో. రాజాది బెరుకు, కొత్త గడప ముందు తల తిప్పేసుకునేది. సర్జా అట్లా కాదు, ఎవరు పెట్టినా తినేది. ముప్పై ఇళ్లు తిరిగాం. ఇంటికొచ్చాక నైవేద్యానికి వండిన అన్నం ఇంకా సగం గంజు మిగిలి ఉంది. "దీనికే ఎక్కువ ఇష్టం" అని గంజు మొత్తం దాని ముందు పెట్టాను. తాత చూశాడు. ఏమనలేదు. నవ్వాడు కూడా.

రాత్రికి సర్జా నెమరు వేయడం ఆపేసింది. పొద్దున ఎడమ డొక్క ఉబ్బి ఉంది. పళ్లు కొరుకుతోంది. పల్చగా, పుల్లటి వాసనతో పేడ. మధ్యాహ్నానికి కూలబడి, మెడ పక్కకు వంచి, తల డొక్క మీద పెట్టుకుంది. రాత్రంతా వాన, వాగు పొంగింది. డాక్టరు సారు వాగు దిగాక సాయంత్రం నడిచొచ్చి, గొట్టం వేసి సోడా నీళ్లు పోశాడు, సెలైన్ పెట్టాడు. "ఏం తిన్నది?" అని అడిగితే ఎవరం సరిగ్గా చెప్పలేకపోయాం. ఊరంతా పెట్టిందే తిన్నది. తెల్లారేలోపు పోయింది.

వాకిట్లో నిలబడ్డవాళ్లంతా తలా ముద్ద పెట్టినవాళ్లే. ఎవరో దిష్టి అన్నారు. ఇంకెవరో నాము అన్నారు. లేత జొన్నలో, వాన లేక గిడసబారిన జొన్నలో ఉండే విషం పేరు నాము. అది పశువు కడుపులో సైనైడ్‌గా మారుతుంది, కాసేపట్లోనే ప్రాణం తీస్తుంది. తాతకు అది బాగా తెలుసు. జొన్నచేను పక్కనుంచి పోయేటప్పుడు ఎడ్ల మూతికి చిక్కం కట్టేవాడు. చేనులో ఉన్న విషానికి చిక్కం ఉంది. వంటింట్లోంచి, బొట్టు పెట్టి మరీ వచ్చినదాన్ని ఎవరు అనుమానిస్తారు?

అసలు సంగతి చాలా ఏళ్లకు, పశువైద్యం చదివే నా రూమ్మేట్ పుస్తకంలో చూశాను. ఎద్దు తినేది నిజానికి ఎద్దు కోసం కాదు, దాని మొదటి పొట్టలో ఉండే కోట్ల సూక్ష్మజీవుల కోసం. అవి గడ్డినీ చొప్పనూ మెల్లగా పులియబెట్టి దానికి బలమిస్తాయి. ఒక్కసారిగా అన్నం, పిండి, బెల్లం వచ్చి పడితే వాటిలో ఒక రకం విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తాయి. మామూలుగా 6, 7 మధ్య ఉండే పీహెచ్ 5 కంటే కిందికి పోతుంది. పొట్ట కదలిక ఆగిపోతుంది, ఒంట్లో నీరంతా పొట్టలోకి చేరుతుంది, ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. దాణా పెంచాలన్నా రోజుకు కొంచెం చొప్పున అలవాటు చేయాలట. ఆ పేజీలో రాసిన లక్షణాలు ఒక్కొక్కటే చదువుతుంటే మా కొట్టం కళ్ల ముందు కనిపించింది. ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "తాతకు తెల్వదనుకున్నవా? నువ్వు గంజు పెట్టిన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నడు" అంది.

ఆ ఏడు పత్తిలో గుంటుక తోలడానికి తాత రాజాకు జోడుగా ఇంకొకరి ఎద్దును అడిగి తెచ్చుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే ఆ కాగితం. కుక్కలకు ఏది పడదో చదువుతూ పోతే మన పండగ పళ్లెం సగం ఖాళీ అవుతుంది. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్‌ను కుక్క ఒళ్లు తొందరగా వదిలించుకోలేదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన మటన్ బొక్క చీలి పేగుకు గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ ఎందుకు విషమో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు కొందరు చెప్పారు. అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది. అది చదివిన రోజు నుంచి మా ఇంట్లో పులిహోర గిన్నె కూడా అలమార పైకెక్కింది.

వద్దు అనడం ఒక్కటే అయితే అది పండగ కాదు. పెట్టాలనిపించడం తప్పు కాదు కదా. అందుకని గుమ్మడికాయ ఉడకబెట్టి, గుజ్జులో జొన్నపిండి కలిపి, రూపాయి బిళ్లంత బిళ్లలు చేసి, పెనం మీద సన్నని మంట పెట్టి గట్టిపడేదాకా కాలుస్తాను. ఉప్పు, చక్కెర, నెయ్యి ఏమీ ఉండవు. మనిషి నోటికి చప్పగా ఉంటాయి. గుండు మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలదు. ఇట్లాంటి చిరుతిండి రోజు తిండిలో పదోవంతు దాటకూడదంటారు. అందుకే వచ్చినవాళ్ల చేతిలో తలా ఒకటి పెడతాను, రెండోది ఉండదు.

పోయిన పొలాలకు ఊరెళ్లాను. తాత లేడు. నాన్న దగ్గర ఇప్పుడున్న జోడుకూ అవే పేర్లు. పశువుకు ఏదైనా అయితే 1962కి ఫోన్ చేయొచ్చు, పశువైద్య బండ్లు 2017లో వచ్చాయి. ఆ రోజుల్లో అదీ లేదు. అమ్మ గడప పక్కన గంపెడు పచ్చగడ్డి పెట్టింది. మా ఇంటికొచ్చిన ప్రతి జోడుకూ బచ్చం చిన్న తునక, ఆ వెంటనే పిడికెడు గడ్డి. "పండగనాడు గడ్డి పెడుతున్నరా?" అని ఒక పెద్దమ్మ మూతి తిప్పింది. అమ్మ గొడవ పడలేదు. ఆమె ఎడ్ల కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, "మా సర్జాకు గడ్డే ఇష్టముండె అక్కా" అంది.

అబద్ధం. సర్జాకు అన్నమే ఇష్టం. నేను మాట్లాడకుండా గంపలోంచి ఇంకో పిడికెడు తీసి అందించాను.