ఎల్దుర్తి పొలముగట్టున చుక్కల శలభము

మెదకు జిల్లాలోని ఎల్దుర్తికి బంధువుల యింటికి పోయినప్పుడు, ఒకనాటి యుదయమున వదినెగారితో పొలముగట్టున నడచుచుంటిని. పచ్చిరొట్టకై చల్లిన జనుము పసుపుపచ్చగా పూచియుండెను. నా కొంగు తగులగానే యొక చిన్న శలభము లేచి, నాలుగడుగుల దూరమున మరల వ్రాలినది. తెల్లని ముందురెక్కలపై కుంకుమబొట్లును కాటుకచుక్కలును దిద్దినట్లుండెను! రెక్కలు చాచిన అంగుళమునకు కొంచెము మించును. 1758లో లిన్నేయసు పండితుడు దీనికి పెట్టిన పేరునకు 'చిన్ని సుందరి' యని యర్థము.

దీని గొంగళిపురుగు జనుము, గిలిగిచ్చ, నాగదంతి మొక్కలను దిని పెరుగును; కాయలను దొలిచి లేతగింజలనుగూడ తినును. ఆ మొక్కలలోని విషము దానిని చంపదు. ఒంటిలో నిలిచి, రెక్కలు వచ్చిన పిదపను కాపాడును. అందుచే పక్షులు సాధారణముగా దీనిని ముట్టవు. అందమైన యా చుక్కలు హెచ్చరికలే.

"పురుగే యోర్చుకొన్నది, మనకేమగును?" అని వదినెగారు నవ్విరి. సోదరీమణులారా, ఇది నవ్వుమాట కాదు. 1975లో, నాటి మధ్యప్రదేశములోని సర్గుజా జిల్లాలో, అడవిజనుము జాతి గింజలు చిరుధాన్యములో కలిసిపోగా, దానిని వండుకొని తినినవారికి కాలేయము చెడి, పొట్టలు నీరుపట్టి, పలువురు మరణించిరి. ఆ సంగతి చెప్పగా వదినెగారు మారుపలుకలేదు. ఇంటికి రాగానే కొఱ్ఱల చేట ముందు వేసికొని యేరుటకు కూర్చుండిరి. నేనును ప్రక్కన చేరితిని.